ఊరి పేర ఆడే స్త్రీలు

2025వ సంవత్సరం ఏప్రిల్ మాసంలో హర్యానా రాష్ట్రంలోని గురుగ్రామ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక కబడ్డీ పోటీ జరిగినది. దాని పేరు గ్లోబల్ ఇండియన్ ప్రవాసీ కబడ్డీ లీగ్. పురుషులకు ఆరు జట్లు, స్త్రీలకు ఆరు జట్లు. ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క భాష పేరు పెట్టారు. స్త్రీల విభాగంలో మన భాష పేరు ధరించిన జట్టు 'తెలుగు చీతాస్'. ఆ జట్టు తుదిపోటీ వరకు నడచి, అక్కడ 'తమిళ్ లయనెస్' జట్టు చేతిలో ఓడినది. రెండవ స్థానమన్నది చిన్న విషయం కాదు. అయినను ఏలూరు బజారులో గాని, తాడేపల్లిగూడెం స్టేషను ఎదుటి టీ దుకాణాలలో గాని ఆ ఓటమిని గూర్చి విచారించినవారెవరూ మాకు తారసపడలేదు. క్రికెట్టులో హైదరాబాదు జట్టు ఓడిన మరునాడు ఇవే దుకాణాలలో ఎంత చర్చ జరుగునో అందరికీ తెలిసినదే.

ఇందుకు మన ప్రజలను నిందించి ప్రయోజనం లేదు. ఆ జట్టుకు మన భాష పేరున్నది గాని మన ఊరి పేరు లేదు. అది ఇక్కడి గ్రామాలలో నెలల తరబడి ఆడి, పక్క ఊరిని గెలిచి, జిల్లాను గెలిచి అక్కడికి చేరిన జట్టు కాదు. పోటీ కొరకు కూర్చినది, పోటీ ముగియగానే విడిపోయినది. అటువంటి జట్టును చూచి ఆనందించవచ్చును, కాని మనదని చెప్పుకొనుట కష్టం. క్రీడారంగంలో 'క్లబ్బు' అనే మాటకు, 'సీజను' అనే మాటకు అసలు అర్థమేమి, ఆ రెండూ లేని చోట స్త్రీల ఆట ఏమగును అనునవి మేమీ వ్యాసంలో విచారింపదలచిన విషయాలు. మా దృష్టిలో ఇది కేవలం క్రీడాభిమానుల ముచ్చట కాదు. ప్రతి సంవత్సరం డిగ్రీ పూర్తి చేసుకొని వెళ్ళిపోవు మన విద్యార్థినులకు సంబంధించిన ప్రశ్న.

ముందుగా ఆటను గూర్చి నాలుగు మాటలు. కబడ్డీ అను పేరు దేశమంతటా స్థిరపడకముందు మన పెద్దలు దీనిని చెడుగుడు అనేవారు. తమిళ దేశంలో సడుగుడు, మహారాష్ట్రంలో హుతుతు, వంగదేశంలో హాడుడు. ఏ పేరు పెట్టినా ప్రాణం ఊపిరిలోనే ఉన్నది. ఎదుటి గడిలోనికి పోయిన ఆటకత్తె ఒకే ఊపిరిలో కూత పెడుతూ, ఆ కూత తెగకుండ, ఎదుటివారిని తాకి మధ్యగీతకు తిరిగి రావలెను. దీనినే మనవారు దమ్ము పట్టుట అందురు. దమ్ము పారసీక పదం. ఆడు చోటును చెప్పు మైదానం, శరీరమును సాధనచేయు కసరత్తు, కుస్తీ, ఇవన్నీ ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి స్థిరపడిన మాటలే. మన పత్రికలో రెండు భాషలు రెండు భాగాలలో అచ్చగుచున్నవి గాని, మైదానంలో అవి ఎన్నడో కలిసిపోయినవి.

స్త్రీల కబడ్డీకి పురుషుల ఆటకంటె కొంచెం చిన్న చోటు చాలును. పురుషుల మైదానం 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. స్త్రీలది 12 మీటర్లు, 8 మీటర్లు. మధ్యగీతతో అది రెండు గడులగును. మధ్యగీత నుంచి 3 మీటర్ల దూరాన ఒక గీత ఉండును. కూతకు పోయినామె ఎవరినీ తాకకపోయినను ఆ గీతనైనా దాటి రావలెను, లేనిచో ఆమెయే ఔటగును. దానికి మరొక మీటరు ఆవల బోనసు గీత. ఎదుట ఆరుగురు గాని అంతకు మించి గాని ఉన్నప్పుడే బోనసు పాయింటు లభించును. ప్రతి జట్టులో పన్నెండుగురు, మైదానంలో ఏడుగురు. ఎదుటి ఏడుగురినీ ఔటు చేసినచో 'లోనా' అని రెండు పాయింట్లు అదనం. చాలకాలంగా మన దేశంలో పాటింపబడుచున్న నియమాల ప్రకారం స్త్రీల ఆట 15 నిమిషాల చొప్పున రెండు భాగాలు, శరీరపు బరువు 75 కిలోలకు మించరాదు. బంతి అక్కరలేదు, కర్ర అక్కరలేదు, వల అక్కరలేదు. గీయుటకు కొంత సున్నం, ఏడుగురికి ఎదురుగా మరి ఏడుగురు, వారు ప్రతి వారమూ వచ్చెదరను నమ్మకం ఉన్నచో చాలును. చివరిది మాత్రమే మనకు దుర్లభం.

అందుబాటులో ఉన్న ఈ ఆటలో మన దేశపు స్త్రీలు ప్రపంచంలోనే అగ్రస్థానంలో ఉన్నారు. ఆసియా క్రీడలలో స్త్రీల కబడ్డీ 2010లో గ్వాంగ్‌ఝౌలో ప్రవేశించినది. ఆ ఏట స్వర్ణం మనదే. 2014లో ఇంచియాన్‌లో ఇరాను జట్టును 31-21తో ఓడించి మరల స్వర్ణం. 2012లో పాట్నాలో జరిగిన మొదటి స్త్రీల ప్రపంచ కప్పు మనది. 2025 నవంబరులో ఢాకాలో జరిగిన రెండవదీ మనదే. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌలో చైనీస్ తైపే జట్టుపై 26-25తో, అనగా ఒకే ఒక పాయింటు తేడాతో, గెలిచిన స్వర్ణమే ఆ క్రీడలలో మన దేశపు నూరవ పతకం. ఆ నూరవ పతకం తెచ్చినది స్త్రీల కబడ్డీ జట్టని మన విద్యార్థినులలో ఎందరికి జ్ఞాపకమున్నదో!

ఈ వరుసలో ఒక్క ఓటమి ఉన్నది. గెలుపులకంటె దానిని గూర్చియే ఎక్కువ చెప్పవలెనని మా అభిప్రాయం. 2018 ఆగస్టులో జకార్తాలో ఇరాను స్త్రీలు మన జట్టును 27-24తో ఓడించి స్వర్ణం తీసుకొనిపోయినారు. తలకు వస్త్రం కట్టి, పొడుగు చేతుల చొక్కాలు, పాదాల వరకు దుస్తులు ధరించి ఆడిన జట్టది. ఆడపిల్లలు మైదానంలోనికి దిగుటకు దుస్తులే అడ్డమని వాదించువారు ఇరుపక్షాలలోనూ ఉన్నారు. కొందరు ఆ దుస్తులతో ఆడలేరందురు, కొందరు ఆటకు పోయినచో ఆ దుస్తులు నిలువవందురు. ఇరాను స్త్రీలు ఈ రెండు పక్షాలతోనూ వాదము పెట్టుకొనలేదు, ఆడి గెలిచినారు. వారికి శిక్షణ ఇచ్చినది మన దేశస్థురాలే, నాసిక్కుకు చెందిన శైలజా జైన్. విద్య ఎక్కడ నేర్చినా ఒక్కటే. దానిని క్రమము తప్పక సాధన చేసిన చోట ఫలించును.

దేశానికి ఇన్ని స్వర్ణాలున్నవి గదా, మరి లోటెక్కడ? లోటు నడిమి అంతస్తులో ఉన్నది. మన ప్రాంతపు బాలిక కబడ్డీ ఆడు మార్గం ఇట్లుండును. ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడు శ్రద్ధగలవాడైనచో జట్టులో చేరును. జూనియర్ కళాశాల రెండేండ్లు సాధారణంగా పుస్తకాలకే సరి. ప్రైవేటు కళాశాలలు పెక్కింటికి అసలు మైదానమే లేదు. డిగ్రీలో చేరిన తరువాత ఏటా ఒకమారు విశ్వవిద్యాలయం అంతర కళాశాల పోటీలు పెట్టును. ఈ ప్రాంతపు కళాశాలలకు 2006లో రాజమహేంద్రవరంలో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఆ పని చేయుచున్నది, అంతకు ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయం చేసెడిది. అక్కడ బాగుగా ఆడినవారు విశ్వవిద్యాలయ జట్టుకు ఎన్నికై దక్షిణ మండలపు పోటీలకు పోవుదురు. ఒక జట్టు మొదటి రోజుననే ఓడినదనుకొనుడు. అప్పుడు ఆ బాలికకు ఆ సంవత్సరపు ఆట ఒక్క పూటతో ముగిసినట్లే. మూడేండ్లలో మూడు పూటలు. తరువాత పట్టా, పెండ్లి, లేదా ఉద్యోగం.

ఆ పైన ఆట కొనసాగించుటకు మిగిలినది ఒకే తలుపు, క్రీడాకారుల కోటాలో ఉద్యోగం. స్త్రీల కబడ్డీలో భారత రైల్వే జట్టుకు జాతీయ పోటీలలో ఎంతటి ఆధిక్యమున్నదో ఆ ఆటను గమనించువారికి తెలియును. 2012 ప్రపంచ కప్పు జట్టుకు నాయకత్వం వహించిన మమతా పూజారి కర్ణాటకపు ఉడుపి ప్రాంతంలో పుట్టినది. ఆమెకు ఆటను నిలిపినది సికింద్రాబాదు కేంద్రంగా గల దక్షిణ మధ్య రైల్వే ఉద్యోగం. ఇది మెచ్చుకొనవలసిన సంగతియే. అయితే రైల్వే తలుపు ఎంత పెద్దదైనా అందులో పట్టువారు కొందరే. దేశపు జట్టుకు ఎన్నిక కాగలవారికి ఆ తలుపున్నది. అంతటి వారు కాకపోయినను ఆటను ప్రేమించి, పదేండ్లు ఆడగల సత్తువ ఉన్న సామాన్యురాలికి ఏ తలుపూ లేదు. ఆమె కొరకే లోకంలో క్లబ్బులు పుట్టినవి.

మన దేశంలో స్త్రీలకు క్లబ్బు వంటిది ఏర్పరచు ప్రయత్నమే జరుగలేదనరాదు. 2016లో పురుషుల ప్రో కబడ్డీ నాల్గవ సీజనుతో పాటు స్త్రీల కబడ్డీ ఛాలెంజ్ అని ఒక పోటీని నడిపినారు. జట్లు మూడు. ఫైర్ బర్డ్స్‌కు మమతా పూజారి, ఐస్ దివాస్‌కు అభిలాషా మ్హాత్రే, స్టార్మ్ క్వీన్స్‌కు తేజస్వినీ బాయి నాయకురాండ్రు. తుదిపోటీ ఆ ఏడు జూలై 31న మన హైదరాబాదులోనే జరిగినది. స్టార్మ్ క్వీన్స్ 24-23తో గెలిచినది. స్త్రీల ఆటను పెద్ద స్టేడియంలో, వెలుగుల నడుమ, దూరదర్శినిలో దేశమంతా చూచినది. ఒక్క పాయింటుతో తేలిన అటువంటి ఆట మరల మరల చూడదగినదే. కాని ఆ పోటీ ఆ ఒక్క ఏటితోనే ఆగిపోయినది.

ఆ జట్ల పేర్లను ఒకమారు పరికింపుడు. అగ్నిపక్షులు, మంచు సుందరులు, తుఫాను రాణులు. పంచభూతాలలో మూడు వచ్చినవి గాని ఊరు ఒక్కటైనా రాలేదు. పురుషుల జట్లు మాత్రం పాట్నా, జైపూరు, పుణె అని పట్టణాల పేర్లతోనే ఆడినవి. పాట్నా గెలిచినచో పాట్నావాసి చంకలు గుద్దుకొనును. మంచు సుందరులు గెలిచినచో సంతోషింపవలసిన ఊరేది?

మన గోదావరి మండలపు భాషలో చెప్పవలెనన్నచో ఇవి తీర్థాలు, తిరునాళ్ళు, ఉరుసులు. సేద్యం కాదు. తీర్థానికి దీపాలుండును, బాజాలుండును, మరునాడు విస్తళ్ళు మాత్రం మిగులును. సేద్యానికి సార్వా ఉన్నది, దాళ్వా ఉన్నది. విత్తు, ఊడ్పు, కలుపు, కోత వరుసగా నడచును. ఒక పంట పోయినను మరుసటి పంటకు భూమి అక్కడనే ఉండును. ఆటకు సీజను అనగా ఇదియే. ఓడినవారికి మరుసటి ఏడు అదే ఊళ్ళో, అదే పేరుతో, అదే మైదానంలో మరల అవకాశముండునను హామీ. అది లేనిదానికి సీజను అను పేరు చెల్లదు.

అటువంటి సేద్యం స్త్రీల ఆటకు ఎక్కడైనా ఉన్నదా? ఉన్నది. దానికై పశ్చిమాన చాల దూరం, ఐర్లండు వరకు పోవలసి ఉన్నది. ఐర్లండు చిన్న ద్వీపం. దీర్ఘకాలం ఆంగ్లేయుల పాలనలో ఉన్నది. ఆ పరిపాలనా కాలంలోనే తమ భాషను, తమ ఆటలను నిలుపుకొనవలెనను ఉద్యమం అక్కడ బయలుదేరినది. స్త్రీలు 1904లో డబ్లిను నగరంలో తమకొక ఆటను ఏర్పరచుకొన్నారు. దాని పేరు కామోగీ. పురుషులు ఆడు హర్లింగ్ అను ప్రాచీన క్రీడకు ఇది స్త్రీల రూపం. చదువరులు హాకీని ఊహించుకొని అందులో బంతి తలమీదుగా ఎగురుటను చేర్చుకొన్నచో కొంత బోధపడును. బూడిదచెట్టని మనవారు తర్జుమా చేయు 'ఆష్' చెట్టు కర్రతో వంపుగల దండం చేయుదురు. తోలు కుట్టిన చిన్న బంతి. దానిని నేలమీద కొట్టవచ్చును, గాలిలో కొట్టవచ్చును, చేత పట్టవచ్చును, దండం చివర నిలిపి పరుగెత్తవచ్చును. మన బిళ్ళంగోడులో బిళ్ళను లేపి కొట్టు పిల్లవానికి ఉండు కన్ను, మణికట్టు ఇక్కడ కావలెను. జట్టుకు పదునైదుగురు. గోలుపట్టె కింద నుంచి బంతి పోయినచో గోలు, అది మూడు పాయింట్లతో సమానం. పట్టె మీదుగా, రెండు స్తంభాల నడుమ పోయినచో ఒక పాయింటు. అందుచేత వారు స్కోరును 1-10 అని వ్రాయుదురు. ఒక గోలు, పది పాయింట్లు, మొత్తము పదమూడని అర్థం.

ఆటకంటె మాకు ఆసక్తి కలిగించినది దాని ఏర్పాటు. ఐదు వందలకు పైగా క్లబ్బులున్నవి. ఒక్కొక్క క్లబ్బు ఒక గ్రామానిది లేదా ఒక పేటది. జీతాలు లేవు. నర్సులు, ఉపాధ్యాయినులు, విద్యార్థినులు, పాడి చేసికొను రైతుల ఆడపడుచులు పనిదినాలలో సాయంకాలం సాధన చేసి, వారాంతంలో పక్క గ్రామంతో ఆడుదురు. తమ జిల్లాలో గెలిచిన క్లబ్బు ప్రాంతపు పోటీకి, అక్కడ గెలిచినది అఖిల ఐర్లండు క్లబ్బు ఛాంపియన్‌షిప్‌కు పోవును. ఈ అఖిల ఐర్లండు పోటీ 1964 నుంచి నడచుచున్నది. కింది మెట్టున ఏ గ్రామం పేరు చొక్కాపై ఉన్నదో, రాజధానిలో 82 వేల మందికి పైగా పట్టు క్రోక్ పార్కు మైదానంలోనూ ఆ గ్రామం పేరే ఉండును. పై మెట్టు ఎక్కినకొలది పేరు మారదు, మనుషులు మారరు.

ఒక సీజనును ఉదాహరణగా చెప్పెదము. ఉత్తర ఐర్లండులో డెర్రీ జిల్లాలో మఘేరా అను చిన్న పట్టణం సమీపాన స్లాట్‌నీల్ అని ఒక గ్రామమున్నది. అక్కడి క్లబ్బు 1953లో పుట్టినది. 2016లో ఆ ఒక్క క్లబ్బు ఫుట్‌బాలులో, హర్లింగులో, స్త్రీల కామోగీలో, మూడింటిలోనూ అల్‌స్టర్ ప్రాంతపు విజేత అయినది. ఒకే ఏడు ఆ మూడింటిని గెలిచిన క్లబ్బు అంతకు ముందు లేదు. తరువాత అఖిల ఐర్లండు పోటీలలో పురుషుల జట్లు రెండూ ఓడినవి. ఫుట్‌బాలు జట్టు తుదిపోటీ వరకు పోయి ఓడినది. మిగిలినది స్త్రీల జట్టు. ఆ సీజను నడుమనే వారి శిక్షకులలో ఒకరైన థామస్ కాసిడీ కాన్సరు వ్యాధితో మరణించినాడు. ఆయన కుమార్తెలు ముగ్గురు ఆ జట్టులో ఆడువారే. వారిలో ఒకరైన ఈఫా ఆ జట్టుకు నాయకురాలు. 2017 మార్చి 5న క్రోక్ పార్కులో గాల్వే జిల్లాకు చెందిన సార్స్‌ఫీల్డ్స్ జట్టుతో తుదిపోటీ జరిగినది. స్లాట్‌నీల్‌కు 1-10, సార్స్‌ఫీల్డ్స్‌కు 0-11. అనగా పదమూడుకు పదకొండు.

కథ అక్కడ ముగిసినచో అదీ ఒక తీర్థమే అనవచ్చును. మరుసటి ఏడు మరల అవే రెండు గ్రామాలు తుదిపోటీలో ఎదురైనవి, మరల స్లాట్‌నీల్ గెలిచినది. 2019లో వెక్స్‌ఫర్డ్ జిల్లా జట్టుపై మూడవసారి. 2020లో నాల్గవసారి తుదిపోటీకి వచ్చినప్పుడు ఎదుట మరల సార్స్‌ఫీల్డ్స్. ఈమారు సార్స్‌ఫీల్డ్స్ గెలిచినది. మూడేండ్లలో రెండుమార్లు తమ చేత ఓడినవారి చేతనే ఓడుట! ఆ పగ, ఆ గౌరవం రెండూ సీజను వలననే కలుగును. సార్స్‌ఫీల్డ్స్ బాలికలు 2017లో ఓడినప్పుడు ఇంటికి పోయి దండములను అటక మీద పెట్టలేదు. మరుసటి వసంతంలో మరల మైదానానికి పోవలసి ఉన్నది గనుక పోయినారు. ఓటమిని భరించు శక్తి ఆ 'మరల'లో ఉన్నది.

ఆ దేశంలో స్త్రీల ఆటకు చిక్కులు లేవని భ్రమింపరాదు. దుస్తుల వివాదం వారికినీ ఉన్నది, అయితే మనకు తలక్రిందులుగా. స్త్రీలు లంగా వంటి వస్త్రమే ధరించి ఆడవలెనని 2025 వరకు కామోగీ నియమముండెడిది. తమకు నిక్కరు అనుకూలమని ఆటకత్తెలు ఎంతకాలంగానో చెప్పుచుండిరి. 2025 మే మొదటివారంలో డబ్లిన్, కిల్‌కెన్నీ జిల్లా జట్లు రెండూ నిక్కర్లతో మైదానంలోనికి రాగా, మార్చుకొన్నగాని ఆట సాగదన్నారు. మార్చుకొని ఆడినారు. ఆ నెల 22న సంఘం ప్రత్యేక సమావేశం జరిపి, ఎవరికి ఏది ఇష్టమో అది ధరింపవచ్చునని 98 శాతం ఓట్లతో నిర్ణయించినది. ఇరానులో నిండు దుస్తులతో ఆడు స్త్రీ, ఐర్లండులో నిక్కరు కోరు స్త్రీ పైకి పరస్పర విరుద్ధంగా కనిపింతురు. ఇద్దరికిని కావలసినది ఆడుట. ఏ దుస్తులతో తాను కదలగలదో, ఏ దుస్తులతో తన ఇంటివారు పంపగలరో ఆడు ఆమెకే బాగుగా తెలియునని మేము తలచెదము. మన కళాశాల కమిటీ వారు ఈ విషయంలో విద్యార్థినులనే అడిగి తెలిసికొన్నచో సగము సమస్య తీరును.

ఇక మన ఊళ్ళకు వత్తము. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం సుమారు 50 కిలోమీటర్లు. నడుమ దెందులూరు, భీమడోలు, ఉంగుటూరు. దక్షిణాన కొల్లేటి అంచున కైకలూరు, ఆకివీడు. ఐర్లండులో పెక్కు జిల్లాలలో జిల్లా పోటీకి ఇంచుమించు ఇంత దూరమే పోవలసి ఉండును. మన ప్రాంతంలో సంక్రాంతికి కబడ్డీ పందెములు పెట్టుట అలవాటున్నదే. సార్వా కోసిన పొలాలలో గీతలు గీసి, మగపిల్లలు ఆడుదురు, స్త్రీలు గట్లపై నిలిచి చూతురు. ఆ పొలాలు సైతం కొన్ని వారాలే ఖాళీ. దాళ్వాకు నీరు పెట్టినచో మైదానం మడి అగును. వేసవిలో ఖాళీగా ఉన్నను నల్లరేగడి బీటలు వారి కాలు మడతపడును. కొల్లేటి లంకలలో పరిస్థితి ఇంకను భిన్నం. సరస్సుకు వరదనీరు వచ్చినప్పుడు మెరక అన్నది ఊరి వరకే మిగులును. మిగిలిన చోట చేపల చెరువులు, వాటి గట్లు. గట్టుమీద పరుగు పెట్టవచ్చును గాని 8 మీటర్ల వెడల్పు గల గట్టు ఎక్కడ దొరకును? కావున ఈ దేశంలో స్త్రీల ఆటకు నిలకడగల చోటు విద్యాలయాల ఆవరణలే. గ్రామమునకు చర్చి ఆవరణ, క్లబ్బు మైదానము ఐర్లండులో ఎట్లో, మనకు కళాశాల మైదానము అట్లు.

ఆ మైదానాన్ని సాయంకాలం అయిదు దాటగానే తాళం వేయుట మన వాడుక. అందుచే పట్టా పుచ్చుకొన్న ఆటకత్తెకు అదే గేటు బయటినుంచి చూచుటయే మిగులును. పాత విద్యార్థినులకు వారానికి రెండు సాయంకాలాలు ఆ గేటు తెరచి ఉంచుటకు పెద్ద వ్యయము కాదు. వ్యాయామోపాధ్యాయిని గాని, బాధ్యతగల మరొక స్త్రీ గాని ఉన్నచో తల్లిదండ్రులు సందేహింపరు. కడపటి బస్సు వేళను బట్టి ఆట వేళ నిర్ణయించవలెను. ఇది చిన్న మాట వలె తోచును గాని, భీమడోలు నుంచి వచ్చు బాలికకు ఆటలో కొనసాగుటకు, మానుటకు నడుమ తేడా ఆ బస్సే. మరొకటి, ఈనాడు పెద్ద పోటీలన్నీ మెత్తని మ్యాట్‌పై, బూట్లతో జరుగుచున్నవి. మట్టిలో వట్టి కాళ్ళతో నేర్చిన బాలిక మ్యాట్‌పై మొదటిసారి అడుగు పెట్టినప్పుడు మడమ తిప్పుటే తెలియదు. మట్టిలో జారవలసిన పాదం అక్కడ పట్టుకొనును, మోకాలు దెబ్బతినును. ఒక్కొక్క కళాశాల ఒక్కొక్క మ్యాట్ కొనలేకపోవచ్చును. నాలుగు కళాశాలలు కలిసి ఒకటి కొని, ఏ వారం ఎక్కడ ఆట ఉన్నచో అక్కడికి పంపుకొనవచ్చును. పెండ్లిపందిళ్ళ సామాను ఊరూరా తిరుగుటలేదా!

ఏలూరు నుంచి ఒక జట్టు, తాడేపల్లిగూడెం నుంచి ఒకటి, కైకలూరు, ఆకివీడుల నుంచి చెరొకటి. ఒక్కొక్కరు మిగిలిన ముగ్గురితో ఒకమారు తమ ఊళ్ళో, ఒకమారు వారి ఊళ్ళో ఆడినచో మొత్తము పన్నెండు ఆటలు. ఆదివారానికి రెండు చొప్పున ఆరు ఆదివారాలు. వానలు వెనుకబట్టిన కార్తికంలో మొదలుపెట్టినచో సంక్రాంతికి ముందే ముగియును, తుదిపోటీని పండుగ పందెముల నడుమనే, ఊరందరి ఎదుట పెట్టుకొనవచ్చును. చొక్కాలపై చిరుతపులులు, తుఫానులు అక్కరలేదు. ఊరి పేరు తెలుగులో ఒక పక్క, ఉర్దూలో ఒక పక్క వ్రాయించినను చూడముచ్చటగానే ఉండును.

మన కళాశాల వెనుక, సైకిళ్ళ షెడ్డుకు, ప్రహరీకి నడుమనున్న స్థలాన్ని కొలిచి చూచితిమి. పొడవు 12 మీటర్లకు తగ్గదు. వెడల్పుకు షెడ్డు స్తంభం ఒకటి అడ్డువచ్చుచున్నది. దానిని ఇవతలకు జరుపుటకు కమిటీ వారి అనుమతి కావలెను.